సింగిల్ సైన్-ఆన్ ఇస్తే చాలా, డైరెక్టరీ సింక్ కూడా ఇవ్వాలా?

బ్రాడీపేట, గుంటూరు

మాది నలుగురం ఉన్న టీమ్. కోల్డ్ స్టోరేజీలకు మిర్చి టిక్కీల స్టాకు లెక్కలు చూసే అప్లికేషన్ చేస్తున్నాం. ఇన్నాళ్లూ ఫోన్ ఓటీపీతోనే లాగిన్. ఇప్పుడు ఒక పెద్ద ఎగుమతి కంపెనీ తీసుకుంటామంటోంది. వాళ్లు సిబ్బంది ఖాతాలు, లాగిన్లు చూసుకోవడానికి మైక్రోసాఫ్ట్ ఎంట్రా వాడతారు. సింగిల్ సైన్-ఆన్‌తో (ఎంట్రా లాగిన్‌తోనే మా యాప్‌లోకి రావడం) పాటు డైరెక్టరీ సింక్ (ఎంట్రాలోని సిబ్బంది జాబితాలో మార్పులు మా యాప్‌కు వాటంతటవే చేరడం) కూడా కావాలన్నారు. మొదటిది మూడు వారాల్లో ఇవ్వగలం. రెండోది ఇప్పుడే అవసరమా? మొదటిసారి లాగిన్ అయినప్పుడే ఖాతా తయారయ్యేలా పెడితే సరిపోతుందని నా ఉద్దేశం.

పటమట, విజయవాడ

సరిపోతుందండీ. మనిషి మానేస్తే ఎంట్రాలో ఖాతా ఆపేస్తారు. అక్కడ ఆగినవాడు మీ దగ్గరికి ఎలా వస్తాడు? డైరెక్టరీ సింక్‌కు వాడే స్కిమ్ అనే ప్రమాణం మొదలుపెడితే ఎంట్రా ఒక రకంగా, అలాంటిదే అయిన ఆక్టా ఇంకో రకంగా సమాచారం పంపుతాయి. నలుగురు మోయగలిగే బరువు కాదు.

అరండల్‌పేట, గుంటూరు

పటమట గారూ, ఇక్కడ మీతో ఒప్పుకోలేను. ఎంట్రా చూసేది లాగిన్ అయ్యేటప్పుడు మాత్రమే. ఒకసారి లోపలికి వచ్చాక నడిచేది మన సెషన్, అంటే మళ్లీ లాగిన్ అడగకుండా మన యాప్ లోపల ఉంచే గడువు. నేను ఇదివరకు పనిచేసిన చోట మొబైల్ యాప్ సెషన్ ముప్పై రోజులు ఉండేది. సీజన్ అయ్యాక మానేసిన గుమాస్తా ఫోన్‌లో ఎవరి సరుకు ఏ చాంబర్‌లో ఎంత ఉందో మూడు వారాలు కనపడుతూనే ఉంది. అది రైతు సరుకు వివరం. ఆ సంగతి బయటపడిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

లాగిన్‌తో ఖాతా పుట్టించే పద్ధతికి ఖాతా తీసేయడం తెలియదు. మానేసినవాడు మళ్లీ లాగిన్ కాడు కాబట్టి మనకు కబురే రాదు. ఆ కబురు తెచ్చేది స్కిమ్. 2015లో వచ్చిన దాని ప్రమాణ పత్రాలు ఆర్‌ఎఫ్‌సీ 7643, 7644 చదవండి, భయపడినంత లేదు. మొదట యూజర్లను చేర్చడం, వెతకడం, ‘యాక్టివ్’ (ఖాతా నడుస్తోందా లేదా అనే గుర్తు) ఆపడం, ఈ మూడు చేయండి. గ్రూపులు తర్వాత. ‘యాక్టివ్’ ఆగగానే ఆ మనిషి సెషన్లు, ఏపీఐ కీలు (ప్రోగ్రాములు లోపలికి రావడానికి వాడేవి) అన్నీ రద్దయిపోవాలి. ఇది మరిచిపోతే సింక్ ఉన్నా లేనట్టే.

పటమట, విజయవాడ

ఎంట్రా సింక్ సుమారు నలభై నిమిషాలకోసారి నడుస్తుంది. సెషన్‌నే అరగంటకు తగ్గిస్తే అంతకంటే త్వరగా పని అయిపోదా?

అరండల్‌పేట, గుంటూరు

ఆఫీసులో కూర్చునేవాళ్లకైతే మీ మాట నిజమే. చాంబర్ల దగ్గర సిగ్నల్ రాదండీ. లారీ దిగుతుండగా అరగంటకోసారి లాగిన్ అడిగితే గుమాస్తా పుస్తకంలో రాసుకుంటాడు, యాప్ పక్కన పెట్టేస్తాడు. సెషన్ పొడవుగానే ఉంచి, ఆపే అధికారం సర్వర్ దగ్గర పెట్టుకోవాలి.

గుణదల, విజయవాడ

రెండు జాగ్రత్తలు నా అనుభవం నుంచి. మనిషిని ఈమెయిల్‌తో గుర్తించకండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే ఈమెయిల్ మారుతుంది, అదే అమ్మాయికి రెండో ఖాతా పుడుతుంది. ఎంట్రాలో మారని ఆబ్జెక్ట్ ఐడీ ఉంటుంది, దాన్నే పట్టుకోండి. ఇంకోటి, కొన్ని సెటప్‌లలో ఎంట్రా ‘యాక్టివ్’ విలువను బూలియన్‌గా (నిజమా కాదా అనే విలువగా) కాక ‘ఫాల్స్’ అనే స్ట్రింగ్‌గా (అక్షరాలుగా) పంపుతుంది. ఖాళీగా లేని స్ట్రింగ్‌ను జావాస్క్రిప్ట్ నిజమనుకుంటుంది, మానేసినవాడు దర్జాగా లోపలే ఉంటాడు. మాకు దీని మీద రెండు రోజుల టెన్షన్.

సింగిల్ సైన్-ఆన్‌కు శామ్ల్ అనే పద్ధతి పెడితే మాత్రం, ఎంట్రా పంపే సందేశం మీది డిజిటల్ సంతకం సరిచూసే కోడ్ సొంతంగా రాయకండి. 2024 సెప్టెంబరులో రూబీ-శామ్ల్ లైబ్రరీలోనే సంతకం తనిఖీని దాటే లోపం బయటపడింది. లైబ్రరీ వాడండి, అప్‌డేట్ వచ్చిన రోజే వేసుకోండి.

అది సరే, బ్రాడీపేట గారూ, సీజన్ గుమాస్తాలకు అసలు ఎంట్రాలో ఖాతాలు ఇస్తారా?

బ్రాడీపేట, గుంటూరు

మంచి ప్రశ్న అడిగారు. ఇప్పుడే ఆ కంపెనీకి ఫోన్ చేశాను. ఆఫీసు సిబ్బందికే ఉన్నాయట, సీజన్ వాళ్లకు లేవట.

అంటే సింక్ చేసినా అరండల్‌పేట గారు చెప్పిన గుమాస్తా ఓటీపీతోనే వస్తాడు. కాబట్టి రెండూ చేస్తాం. ఆఫీసు వాళ్లకు సింగిల్ సైన్-ఆన్ కోసం ఓపెన్ఐడీ కనెక్ట్ అనే పద్ధతి, దాంతో పాటు యూజర్ల వరకు స్కిమ్. ఓటీపీ ఖాతా తెరిచేటప్పుడు ఆఖరి తేదీ వేయకపోతే సేవ్ కానివ్వం. మూడు వారాలు అన్నది ఆరు వారాలు అవుతుందని వాళ్లకు రేపే చెబుతాను.

పటమట, విజయవాడ

ఆఖరి తేదీ మాటకు నేనూ సరే. స్కిమ్ మీద నా అభిప్రాయం మారలేదు, రెండో కస్టమర్ వచ్చాక ఒక మాట చెప్పండి.