చలి ఉదయాల్లో తెల్లపొగ, ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా అందుకోని ఇంజిన్

మూడు సిలిండర్లు:
చిన్న డీజిల్ ట్రాక్టరు, మూడు సిలిండర్లు, టర్బో లేదు. చలి లేని రోజుల్లో తాళం తిప్పగానే అందుకుంటుంది. చలి మొదలైతే మాత్రం సిలిండరులో ముందుగా వేడి పుట్టించే గ్లో ప్లగ్‌లు వేడి చేసినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ పలకదు. చివరికి ఒక సిలిండరు అందుకుంటుంది, మిగతావి తడబడుతూ కలుస్తాయి. అప్పుడు సైలెన్సర్ నుంచి దట్టంగా తెల్లపొగ. దగ్గర నిలబడితే కళ్లు మండిపోతాయి. వేడెక్కాక పొగ పూర్తిగా ఆగిపోతుంది, దుక్కిలో లోడు మీద ఏ లోటూ లేదు. బ్యాటరీ కొత్తది. డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్చాను. పొగకు కారణం ఏమిటి? 15డబ్ల్యూ40 బదులు చలికి పలుచగా ఉండే ఆయిల్ వేయవచ్చా? స్టార్ట్ అయ్యాక ఎంతసేపు ఖాళీగా తిరగనివ్వాలి?

ఎర్త్ కేబుల్:
బ్యాటరీ కొత్తదని అందరూ రాస్తారు, కేబుల్ గురించి ఒక్కరూ రాయరు. నా బండికి కూడా ఇదే రోగం. మెకానిక్ సెల్ఫ్ మోటారు మార్పించాడు, ఆ తర్వాత బ్యాటరీ మార్పించాడు, అయినా చలికి ఈడ్చుకుంటూ తిరిగేది. చివరికి ఎర్త్ కేబుల్ బోల్టు నేనే విప్పి చూశాను. పైన రంగు నిగనిగలాడుతోంది, కేబుల్ చివరి లగ్గు కింద మాత్రం ఆకుపచ్చ పొడి, తుప్పు. ఎమెరీ కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది బిగించాను, అంతే. మల్టీమీటర్ ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీదనే పెట్టండి, క్లాంపు మీద కాదు. రెండోది ఇంజిన్ బ్లాకు మీద ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే కరెంటు దారిలోనే పోతోందని లెక్క. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 9.6 వోల్టుల కంటే కిందికి దిగకూడదు.

చలిమంట:
ఒక్క సిలిండరు అందుకుంటే చాలు, మిగతావి వాటంతట అవే వస్తాయి. ఎయిర్ ఫిల్టర్ దగ్గర, ఇట్టే అంటుకునే ఈథర్ స్ప్రే కొంచెం కొట్టండి, సెల్ఫ్ ఒక్కసారి తిప్పండి. నేను ఏళ్ల తరబడి ఇలాగే నడుపుతున్నాను. పనికి వెళ్లాల్సిన వేళ మీటర్లు పట్టుకుని కూర్చుంటే పొలం దున్నేదెవరు?

నాజిల్ బల్ల:
ఈ సలహా దయచేసి ఎవరూ పాటించవద్దు. డీజిల్ పంపులు, సిలిండరులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి కట్టడమే నా వృత్తి. ఈథర్ అలవాటు పడిన చిన్న ఇంజిన్ల హెడ్డు విప్పితే పిస్టన్ మీద రింగుల మధ్య గట్లు ముక్కలై కనిపిస్తాయి. ఆ ముక్క లైనర్ పొడవునా గీసిన గాడి కూడా కనిపిస్తుంది. ఇంజిన్ మొత్తం విప్పే ఖర్చు ముందు నాజిల్ సర్వీసు ఎంత? ఇక అసలు విషయం. కళ్లు మండే తెల్లపొగ అంటే నాజిల్ మంచులా చిమ్మడం మానేసి కారుతోందని అర్థం. నాజిళ్లు దించి టెస్టర్ మీద పెట్టించండి. ఈ రకం ఇంజిన్లలో అవి సుమారు 140 బార్ దగ్గర తెరుచుకోవాలి, మూసుకున్నాక మొన మీద చుక్క నిలవకూడదు. స్ప్రే ముందు చేయి పెట్టి చూసేవారు కొందరున్నారు. ఆ ఒత్తిడిలో డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు.

చలిమంట:
మీరు విప్పిన ఇంజిన్లన్నీ మరమ్మతుకు వచ్చినవే కదా. బాగా నడిచేది మీ దగ్గరకు రాదు. కొన్ని పెద్ద ఇంజిన్లకు తయారీదారులే ఈథర్ పరికరం అమర్చి ఇచ్చారు. ఈథర్ అంత విషమైతే వాళ్లెందుకు పెడతారు?

నాజిల్ బల్ల:
అవి గ్లో ప్లగ్‌లు లేని ఇంజిన్లు. పైగా ఆ పరికరం కొలత ప్రకారం వదులుతుంది, మీ వేలు కొలవదు. ఇక్కడ ప్రశ్న అడిగినవారి బండిలో గ్లో ప్లగ్‌లు ఉన్నాయని మొదటి పేరాలోనే ఉంది. చదివి రాయండి.

చలిమంట:
చదివాను. ప్లగ్‌లు ఆపేసి కొట్టమనే నా ఉద్దేశం. మీ వృత్తి మీద గౌరవం ఉంది కానీ ఆ గొంతు నాకు నచ్చలేదు.

దుక్కి:
ఉద్దేశం మీ మనసులో ఉంటే చాలదండీ, రాయాలి. చదివినవారు ఎర్రగా కాలిన ప్లగ్ మీదికే ఈథర్ వదులుతారు. డీజిల్ తనంతట తాను అంటుకోవడానికి 200 డిగ్రీలు దాటాలి. ఈథర్‌కు సుమారు 160 నుంచి 180 చాలు. అందుకే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే అది పేలుతుంది, కిందికి తోయాల్సిన బలం ఎదురు తంతుంది. చిన్న ఇంజిన్లలో కంప్రెషన్ నిష్పత్తి, అంటే పిస్టన్ గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో ఆ లెక్క, 22:1 దాకా ఉంటుంది, దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ప్లగ్‌లు ఆపి కొట్టినా ఈ మాట మారదు.

నాజిల్ బల్ల గారు చెప్పిన దానితోనూ నాకు పేచీ ఉంది. తెల్లపొగ కనిపించగానే నాజిల్ అనేస్తే ఎలా? అది కాలకుండా బయటికి వచ్చిన డీజిల్ ఆవిరి. కాలకపోవడానికి మూల కారణం వేడి చాలకపోవడం. ప్లగ్ చచ్చినా, కంప్రెషన్ కారిపోయినా, సెల్ఫ్ నెమ్మదిగా తిరిగినా, డీజిల్ చిమ్మే టైమింగ్ ఆలస్యమైనా అదే పొగ వస్తుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడే పొగ గొట్టం చూడండి. తెల్లపొగ వస్తుంటే డీజిల్ అందుతోంది, అంటుకోవడం లేదు. పొగే లేకపోతే డీజిల్ అందడం లేదు, గాలి పట్టిందేమో చూడాలి.

రిటర్న్ పైపు:
గాలి సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నాజిళ్ల మీద ఉండే సన్నని రిటర్న్ పైపులు వంచి చూడండి. వంపు దగ్గర జుట్టులాంటి పగుళ్లు కనిపిస్తే మార్చేయండి. రాత్రంతా డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది, పొద్దున పంపులో గాలే మిగులుతుంది. నా ఇంజిన్ చేసిన యాగీ అంతా ఆ చిన్న పైపు వల్లనే.

దుక్కి:
నిజమే, కానీ అలా అయితే చలి లేని రోజుల్లో కూడా రాత్రంతా నిలిపిన బండి పొద్దున సతాయించాలి. వీరి బండి చలికే మొరాయిస్తోంది.

పాత సెల్ఫ్:
ఆయిల్ ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. సెల్ఫ్ తిప్పడానికి వీలయ్యే చిక్కదనాన్ని 15డబ్ల్యూకు మైనస్ 20 దగ్గర, 10డబ్ల్యూకు మైనస్ 25 దగ్గర, 5డబ్ల్యూకు మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. వేడెక్కాక 5డబ్ల్యూ40 కూడా 40 లాగానే పనిచేస్తుంది, ఇంజిన్‌కు భయం లేదు. డీజిల్ ఇంజిన్ గ్రేడు ఉన్నదే కొనండి, మాన్యువల్‌లో ఆ చిక్కదనం రాసి ఉందో లేదో చూడండి. ఇంకొక ఉచిత వైద్యం: సెల్ఫ్ కొట్టేటప్పుడు క్లచ్ పూర్తిగా తొక్కండి. లేకపోతే గేర్‌బాక్సులో గడ్డకట్టినంత చిక్కబడ్డ ఆయిల్‌ను కూడా సెల్ఫే తిప్పాలి.

నల్లపొగ:
నాకు చలి సమస్య లేదు. లోడు పడితే నల్లపొగ. ఎయిర్ ఫిల్టర్ దులిపి పెట్టాను. ఇంజిన్ పోయినట్టేనా?

ఎర్త్ కేబుల్:
దులిపితే దుమ్ము లోపలికి పోతుంది, కొత్తది వేయండి. నల్లపొగ అంటే గాలికి మించి డీజిల్ పడుతోంది. ఫిల్టర్ మార్చినా తగ్గకపోతే అప్పుడు నాజిల్, పంపు సెట్టింగ్. గేరు ఒకటి తగ్గించి చూడండి, బండి మోయలేని లోడు పెట్టినా అదే పొగ. అన్నట్టు, ఎర్త్ కేబుల్ ఒకసారి చూసుకోండి.

నాజిల్ బల్ల:
చూశారా, చివరికి నాజిల్ దగ్గరికే వచ్చారు.

మూడు సిలిండర్లు:
అందరికీ నమస్కారం. సెల్ఫ్ కొడుతున్నప్పుడే తెల్లపొగ వస్తోంది, అంటే డీజిల్ అందుతోంది. ఎర్త్ దగ్గర పావు వోల్టు కూడా పోవడం లేదు. గ్లో ప్లగ్‌లు బాగానే ఉన్నాయి. వాటిని కలిపే రేకు మీద కరెంటు వస్తోంది, మీటర్‌తో రేకు నుంచి బ్లాకుకు చూస్తే కనెక్షన్ కూడా చూపిస్తోంది. ఇక మిగిలింది నాజిళ్లేనా?

దుక్కి:
ఆగండి. రేకు మీద పెట్టి చూస్తే మూడు ప్లగ్‌లూ ఒకేసారి కొలిచినట్టు. రెండు కాలిపోయి ఒక్కటి బతికున్నా మీటర్ కనెక్షన్ ఉందనే చెబుతుంది. నట్లు విప్పి రేకు పూర్తిగా తీసేయండి. ఇప్పుడు బ్యాటరీ పాజిటివ్ నుంచి టెస్ట్ బల్బు తీసి ఒక్కో ప్లగ్ తలకు ఆనించండి. వెలిగితే లోపలి తీగ తెగలేదు, వెలగకపోతే ఆ ప్లగ్ చచ్చినట్టే. రెసిస్టెన్స్ కొలిచేటట్లయితే మంచి ప్లగ్ 1 ఓం అటూ ఇటూ చూపిస్తుంది. మీటర్ తీగల రెసిస్టెన్స్ అందులోంచి తీసేయాలి, పిన్నులు రెండూ ఆనిస్తే అది తెలుస్తుంది. డీసీ క్లాంపు మీటర్ ఉంటే ఇంకా మేలు. ఈ రకం 12 వోల్టుల ప్లగ్ మామూలుగా 8 నుంచి 15 ఆంపియర్లు తీసుకుంటుంది. మొదట ఎక్కువ, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది.

నాజిల్ బల్ల:
ప్లగ్‌లు మార్చాక కూడా పొగ వస్తే నా మాట గుర్తు చేసుకోండి.

రింగులు-లైనర్లు:
నాజిల్ దించేముందు ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన గ్యాప్, చూడమని ఒక్కరూ అనరేమిటి? వాల్వు సీటులోకి అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది. చివరికి వాల్వు సరిగా మూసుకోదు, కంప్రెషన్ కారుతుంది. వేడి ఇంజిన్ ఆ లోటును కప్పిపుచ్చుకుంటుంది, చల్లని ఇంజిన్‌లో బయటపడుతుంది. ఫీలర్ గేజి, రెండు స్పానర్లు ఉంటే అయ్యే పని, ఎవరి చేతికీ ఇవ్వనక్కరలేదు. గ్యాప్ ఎంతో మాన్యువల్‌లో చూసి, అది చల్లని ఇంజిన్‌కా వేడి ఇంజిన్‌కా అన్నది కూడా గమనించండి. ఆ తర్వాతే కంప్రెషన్ పరీక్ష. ఈ రకం ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే 30 బార్ దాటుతుంది. సిలిండర్ల మధ్య పది శాతం కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. పెట్రోలు ఇంజిన్ల గేజి దీనికి పనికిరాదు, పగిలిపోతుంది.

చలిమంట:
ఇన్ని పరీక్షలు చేసేలోపు మధ్యాహ్నమై ఇంజిన్ తానే వేడెక్కుతుంది. ప్లగ్‌లు కాలిపోయిన బండి ఆ రోజు పొలానికి ఎలా వెళ్లాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

పాత సెల్ఫ్:
బ్లాక్ హీటర్ పెట్టించుకోండి. కూలెంటును వేడి చేస్తుంది. చిన్న ఇంజిన్‌కు 400 వాట్లది చాలు, రెండు మూడు గంటల ముందు స్విచ్ వేస్తే గోరువెచ్చని ఇంజిన్ తాళానికే అందుకుంటుంది. ఈథర్ డబ్బా కొన్న డబ్బు అందులో పెట్టండి.

మూడు సిలిండర్లు:
రేకు తీసి చూశాను. మూడింటిలో రెండు వెలగలేదు! ఒకదాని మొన ఉబ్బి, పక్కకు పగిలి ఉంది. అది బయటికి తీసేటప్పుడు ప్రాణం పోయింది. విరిగి హెడ్డులో ఉండిపోతుందేమోనని ఇంజిన్ వేడిచేసి, చొచ్చుకుపోయే నూనె పోసి, కొంచెం విప్పుతూ కొంచెం బిగిస్తూ తీశాను. మూడూ కొత్తవి వేశాను. ఇప్పుడు అంతే చలిలో సెల్ఫ్ కొట్టగానే మూడు సిలిండర్లూ కలిసి అందుకుంటున్నాయి. మొదట్లో పలుచగా తెల్లపొగ వస్తుంది, కళ్లు మండటం లేదు. ఖాళీగా ఎంతసేపు తిప్పాలన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు.

దుక్కి:
ఆయిల్ ప్రెషర్ లైటు ఆరి, ఇంజిన్ నిలకడగా తిరిగితే చాలు, తేలికపాటి లోడుతో కదిలించండి. ఖాళీగా తిరిగే డీజిల్ ఇంజిన్ వేడెక్కదు. గంటలకొద్దీ అలాగే వదిలితే కాలని డీజిల్, మసి సైలెన్సర్‌లో నల్లని జిగురులా పేరుకుంటాయి, డీజిల్ గోడల మీదుగా ఆయిల్‌లోకి కూడా దిగుతుంది. చల్లగా ఉండగానే గట్టిగా రేస్ ఇవ్వకండి. తలుపులు మూసిన షెడ్డులో ఒక్క నిమిషం కూడా తిప్పవద్దు.

రింగులు-లైనర్లు:
రెండు ప్లగ్‌లు ఒకేసారి ఎందుకు పోయాయో కూడా చూడండి. వాటికి కరెంటు ఇచ్చి ఆపే రిలే అతుక్కుపోయి, తాళం వదిలాక కూడా కరెంటు వెళ్తుంటే కొత్తవీ అలాగే ఉబ్బుతాయి. ఇంజిన్ తిరుగుతుండగా రేకు మీద మీటర్ పెట్టండి, వేడిచేసే సమయం ముగిశాక సున్నా చూపించాలి.

మూడు సిలిండర్లు:
చూశాను, సున్నాకు పడిపోతోంది. రిలే బాగుంది, పాత ప్లగ్‌లకు వయసు అయిపోయిందనుకుంటాను. ఆయిల్ మార్చేటప్పుడు ట్యాపెట్లు కూడా సరిచేస్తాను.

నాజిల్ బల్ల:
ఆ పలుచని పొగ కూడా పోవాలంటే నాజిళ్లు పంపండి.

మూడు సిలిండర్లు:
ముందు ట్యాపెట్లు, తర్వాత కంప్రెషన్. ఆ రెండూ సరిగా ఉండి పొగ ఆగకపోతే తప్పకుండా పంపిస్తానండీ.