మత చట్టం పేరు చెప్పి అంతర్జాతీయ ఒప్పందాన్ని పక్కన పెట్టొచ్చా?

సంతకం పెట్టేటప్పుడే "మా మత చట్టానికి అడ్డొచ్చేవి మాకు వర్తించవు" అని ఒక దేశం చెప్పేసింది. తర్వాత దాన్ని తప్పుపట్టడం ఏం న్యాయం? దాచిందేమీ లేదు కదా.

—

దాచలేదు, ఒప్పుకుంటానండీ. కానీ ఏం చెప్పిందో కూడా చూడాలి. మహిళలపై వివక్షను తొలగించాలన్న 1979 నాటి ఒప్పందంలో సౌదీ అరేబియా 2000లో చేరింది, ఇస్లామిక్ చట్టానికి విరుద్ధమైన ఏ అంశానికీ తాము కట్టుబడమని షరతు పెట్టి. ఏ అంశం, ఎంతవరకు? అది ఎక్కడా లేదు. రేపు ఒక మహిళ ఆ ఒప్పందం చూపించి హక్కు అడిగితే, అది వర్తిస్తుందో లేదో ఆ రోజు ప్రభుత్వమే తేలుస్తుంది. ఒప్పందం అసలు ఉద్దేశానికే గండి కొట్టే షరతు చెల్లదని అందులోనే 28వ అధికరణం చెబుతోంది. అయినా పెట్టేశారు, కొన్ని యూరప్ దేశాలు అభ్యంతరం చెప్పి ఊరుకున్నాయి.

ఇరాన్ సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. బాలల హక్కుల ఒప్పందానికి 1994లో ఇలాంటి షరతుతోనే ఒప్పుకుంది. అక్కడి శిక్షాస్మృతిలో ఆడపిల్లకు నేర బాధ్యత మొదలయ్యే వయసు 9 చాంద్రమాన సంవత్సరాలు. మన లెక్కలో దాదాపు 8 ఏళ్ల 9 నెలలు. అబ్బాయికి మాత్రం 15. మూడో తరగతి చదివే పిల్ల అండీ!

ఇది ఒక్క మతం గొడవ కాదు. ఇజ్రాయెల్ కూడా పెళ్లి, విడాకుల విషయంలో మత సముదాయాల చట్టాల కోసం అదే మహిళా ఒప్పందానికి షరతు పెట్టింది. కాకపోతే అది 16వ అధికరణం అని పేరు పెట్టి చెప్పింది. నాకు అదీ నచ్చదు, కానీ కనీసం దేని మీద పోరాడాలో అక్కడి ఆడవాళ్లకు తెలుసు.

—

షరతులు వద్దంటే వాళ్లు అసలు చేరేవారే కాదు. పైగా ఈ హక్కులన్నీ పాశ్చాత్యులు రాసుకున్నవే.

—

రెండో మాట నేను ఒప్పుకోను. 1948లో మానవ హక్కుల ప్రకటనపై ఓటింగ్‌లో సౌదీ తటస్థంగా ఉండిపోయింది, నిజమే. పాకిస్తాన్, ఈజిప్టు, ఇరాన్ అనుకూలంగా ఓటేశాయి. ఇస్లాం ఒక్కటే, ఓట్లు మాత్రం రెండు రకాలు.

మొదటి మాటకు మొరాకోను చూడండి. ఆ మహిళా ఒప్పందంలో 1993లో షరతులతోనే చేరింది. 2004లో కుటుంబ చట్టం మార్చి అమ్మాయిల పెళ్లి వయసు 15 నుంచి 18కి పెంచింది, అదీ మత గ్రంథాల ఆధారాలు చూపించే. 2011లో ముఖ్యమైన షరతులు వెనక్కి తీసుకుంది. అంటే షరతుతో చేరినా ముందుకు రావచ్చు, కానీ ఫలానా అధికరణం అని రాసుంటేనే దాన్ని వెనక్కి తీసుకోమని అడగగలం. అక్కడ 18 నిండకుండానే పెళ్లికి జడ్జి అనుమతి ఇచ్చే వీలు ఇప్పటికీ ఉంది, ఆ వీలు తీసేయాలని మొరాకో మహిళలే అడుగుతున్నారు.