నాన్నగారి యాషికా మ్యాట్ 124జీ: 1 సెకను పెడితే షట్టర్ మూసుకోవడం లేదు

రాజమండ్రి రీలు:
నమస్తే అండీ. నాన్నగారు స్టూడియో నడిపిన రోజుల్లో పెళ్లిళ్లన్నీ ఈ కెమెరాతోనే తీశారు. పదిహేనేళ్లుగా బీరువాలోనే ఉంది. 125, 250 స్పీడ్లు (సెకనులో 125వ వంతు, 250వ వంతు) బాగానే పలుకుతున్నాయి. 1 సెకను, అర సెకను పెడితే తెరుచుకుని అలాగే ఉండిపోతోంది. కుట్టుమిషను నూనె ఒక చుక్క వేద్దామనుకుంటున్నా. సెల్‌ఫోన్ రిపేర్ కిట్ ఉంది, సరిపోతుందా?

పాత లెన్స్:
నూనె మాత్రం వేయకండి! మా ఎలక్ట్రో 35 కెమెరాకి నేను ఆ పనే చేశాను. రెండు రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. మూడో రోజుకు నూనె షట్టర్ రేకుల మీదికి పాకి అవి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఆ రేకులు ఎప్పుడూ పొడిగానే ఉండాలి.

మీ దాంట్లో ఉన్నది కోపాల్ ఎస్‌వీ షట్టర్. తక్కువ స్పీడ్ల కోసం లోపల చిన్న పళ్లచక్రాలు కొన్ని ఉంటాయి. అవి జర్రుమని తిరిగినంతసేపూ షట్టర్ తెరిచి ఉంటుంది. పాత గ్రీజు గట్టిపడితే అవి మధ్యలోనే ఆగిపోతాయి. లైటర్‌లో పోసే ద్రవం సన్నటి బ్రష్షు కొసతో ఆ చక్రాలకు మాత్రమే అంటించి, ఇరవై ముప్పైసార్లు షట్టర్ నొక్కండి. ఆరనిచ్చి మళ్లీ చేయండి. ఎక్కువ పోస్తే కరిగిన గ్రీజంతా రేకుల మీదికి చేరుతుంది. వంటింట్లో స్టవ్ దగ్గర మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, ఇట్టే అంటుకుంటుంది.

ఇడ్లీ ప్లేటు:
కిట్ విషయం నేను చెప్తాను. అందులో ఉండేవి ఎక్కువగా ఫిలిప్స్ మొనలు. జపాన్ కెమెరాల స్క్రూలు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. చూడ్డానికి రెండూ ఒకటే ప్లస్సు గుర్తు, కానీ ఫిలిప్స్ మొన పూర్తిగా దిగదు, గట్టిగా తిప్పితే పైకి జారి స్క్రూ తల నలిగిపోతుంది. నలిగిన స్క్రూ తీయడం కంటే షట్టర్ బాగుచేయడమే సులువు. ముందు జేఐఎస్ స్క్రూడ్రైవర్లే కొనండి.

కెమెరా ముందువైపు పలక స్క్రూలు దానిమీది తోలు కింద ఉంటాయి, చింపకుండా నెమ్మదిగా లేపండి. విప్పిన స్క్రూలు విప్పిన వరుసలోనే ఇడ్లీ ప్లేటు గుంటల్లో వేస్తాను నేను. అడుగడుగునా ఫోన్‌తో ఒక ఫొటో కూడా.

వైజాగ్ తేమ:
కెమెరా వెనక తలుపు అంచుల్లో వెలుతురు దూరకుండా పెట్టిన స్పంజి కూడా చూడండి. తారులా జిగటగా మారి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన వెదురు పుల్లతో గీకండి. లెన్సులో సాలీడు గూడులాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, మాలాంటి సముద్రపు ఊళ్లలో తప్పదు. బీరువాలో మళ్లీ పెట్టకండి, సిలికా జెల్ వేసి డబ్బాలో పెట్టండి.

రాజమండ్రి రీలు:
రెండు వారాలు పట్టింది. నిన్న రాత్రి 1 సెకను జర్రుమని పూర్తిగా తిరిగి టక్కున మూసుకుంది! నాన్నగారిని పిలిచి పదిసార్లు వినిపించాను. అర సెకను ఇంకా ఒక్కోసారి తడబడుతోంది, ఆదివారం మళ్లీ విప్పుతాను. తోలు అతికించడానికి ఏం వాడాలండీ?

పాత లెన్స్:
పలచటి డబుల్ సైడ్ టేపు. ఆదివారం అయ్యాకే అతికించండి.