డూమ్ మ్యాప్‌లో గన్నవరం అక్విడెక్టు: పైన కాలువ, కింద నది ఎలా?

కోనసీమ_మ్యాపర్:
నమస్కారమండి. డూమ్ అనే పాత తుపాకీ ఆటకి మ్యాపులు గీసే అల్టిమేట్ డూమ్ బిల్డర్‌లో మన పి.గన్నవరం అక్విడెక్టు (నది మీదుగా కాలువని దాటించే వంతెన) కడుతున్నాను. పైన కాలువ పారాలి, కింద కమానుల్లోంచి ఆటగాడు వైనతేయ నది దాటాలి. వనిల్లా ఫార్మాట్‌లో (అసలు డూమ్ పద్ధతిలో) కాలువ పెడితే కింద దారి మూసుకుపోతోంది. పైగా పాత ఆటని ఉన్నదున్నట్టు నడిపే చాక్లెట్ డూమ్‌లో ఒడ్డు మీంచి అటు తిరగ్గానే "నో మోర్ విజ్‌ప్లేన్స్" అని ఆగిపోతోంది.

ధవళేశ్వరం_లాకు:
1993 నాటి ఇంజనే అంతండి. డూమ్ మ్యాప్ పైనుంచి గీసిన ప్లాను. సెక్టార్‌కి, అంటే గీతలతో మూసిన ఒక్కో ముక్కకి, ఒకే నేల, ఒకే కప్పు. ఆ ప్లానుని ముందే బీఎస్‌పీ చెట్టుగా (రెండేసి భాగాలుగా విడగొట్టుకుంటూ పోయే అమరికగా) కోసి ఉంచాడు జాన్ కార్మాక్. ఏ గోడ ముందు, ఏది వెనక అని ఆట మధ్యలో వెతుక్కునే పని లేదు కాబట్టే 386 (అప్పటి పాత ప్రాసెసర్) మీద కూడా కదిలింది. ఎంత గొప్ప ఆలోచనో! డూమ్ చేసిన ఐడీ వాళ్లు ఆ హద్దు దాటింది 1996లో, క్వేక్ ఆటతో.

డూమ్‌ని కొత్త సౌకర్యాలతో నడిపే జీజెడ్‌డూమ్‌కి అయితే మ్యాప్‌ని యూడీఎంఎఫ్ అనే కొత్త ఫార్మాట్‌లో పెట్టండి. అక్విడెక్టు కింద పడే నది పట్టీని వేరే సెక్టార్‌గా కోసి, నేల 0, ట్యాగ్ (గుర్తు నంబరు) 5 ఇవ్వండి. మ్యాప్ బయట, ఎత్తులు చెప్పడానికే ఉండే చిన్న కంట్రోల్ సెక్టార్ గీయండి: నేల 96, కప్పు 128. దాని ఒక గీతకి స్పెషల్ 160 (గాల్లో నేల పెట్టే ఆదేశం), ట్యాగ్ 5, టైప్ 1 (గట్టిది), ఆల్ఫా 255 (పూర్తిగా కనిపించేది). కాలువ అడుగు వచ్చేసినట్టే. నీళ్లకి ఇంకోటి: నేల 128, కప్పు 160, టైప్ 2 (ఈదగలిగేది), ఆల్ఫా 150. ఇరుపక్కలా గట్లకి సన్నటి సెక్టార్లు, వేరే ట్యాగ్‌తో, 96 నుంచి 168 దాకా లేపండి. గట్లు లేకపోతే నీళ్లు గాల్లో దిమ్మలా నిలబడతాయి. ఆల్ఫా 0 ఉండిపోతే అడుగు ఉంటుంది గానీ కనిపించదు. కమాను కింద నీడ కావాలంటే కంట్రోల్ సెక్టార్ వెలుతురు తగ్గించండి. ఆటగాడి ఎత్తు 56, బారన్ అనే రాక్షసుడిది 64 కాబట్టి కింద 96 ధారాళంగా సరిపోతుంది.

పాలకొల్లు_వాడ్:
వనిల్లాలోనే ఉంచాలంటే కమానుల్ని గోడ టెక్స్చర్‌గా (బొమ్మగా) చూపించి, దాటగానే వేరే చోటికి చేర్చే 97 రకం టెలిపోర్ట్ గీతతో అవతలకి పంపాలి. అవతల థింగ్ 14 (దిగే చోటి గుర్తు) పెట్టండి. మెరుపూ చప్పుడూ తప్పవు.

విజ్‌ప్లేన్ల (తెర మీద గీసే నేల, కప్పు ముక్కల) సంగతి: ఎత్తు, ఫ్లాట్ (నేల బొమ్మ), వెలుతురు మూడూ ఒకటైతేనే నేల ముక్కలు కలుస్తాయి. అసలు హద్దు 128, చాక్లెట్ డూమ్ దాన్ని కావాలనే ఉంచింది. కమానుకో వెలుతురు, లంకకో ఎత్తు ఇచ్చి ఉంటారు. కమానులన్నిటికీ ఒకే వెలుతురు పెట్టి, ఇసుక ఎత్తులు రెండు మూడుకి కుదించండి. ఎక్కడ దాటుతోందో బిల్డర్‌లోని విజ్‌ప్లేన్ ఎక్స్‌ప్లోరర్ రంగుల్లో చూపిస్తుంది.

కోనసీమ_మ్యాపర్:
జీజెడ్‌డూమ్‌కే కడతానండి. షేర్‌వేర్ (ఉచిత నమూనా) వాడ్ (ఆట డేటా ఫైలు) మీద నడుస్తుందా?

పాలకొల్లు_వాడ్:
నడవదు. షేర్‌వేర్ మీద బయటి మ్యాప్ ఎక్కనివ్వరు, అది పాత అడ్డే. 1997 డిసెంబరులో సోర్స్ కోడ్ వదిలారు, 1999లో జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కిందకి తెచ్చారు. జీజెడ్‌డూమ్ లాంటి ఇన్ని పోర్టులు పుట్టింది దానివల్లే. బొమ్మలు, శబ్దాలు మాత్రం వదల్లేదు. ఆ లోటు సొంత బొమ్మలు, శబ్దాలతో చేసిన ఫ్రీడూమ్ తీరుస్తుంది, ఉచితం కూడా. మీ మ్యాప్ పేరు మ్యాప్01 అయితే ఫ్రీడూమ్ రెండో ఫేజ్ వాడ్ తీసుకోండి, ఈ1ఎం1 అయితే మొదటిది. టెక్స్చర్ పేర్లు అవే కాబట్టి గోడలు మార్చక్కర్లేదు.