పబ్లిక్ హ్యుమానిటీస్‌లో పీజీ: కోర్సు ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: హిస్టరీలో డిగ్రీ అయింది. మ్యూజియంలో పనిచేయాలని ఉంది. అక్కడ ఎవరి కథ చెబుతున్నారు, ఎవరిది వదిలేస్తున్నారు అన్నదే నా పట్టింపు. మ్యూజియం స్టడీస్, పబ్లిక్ హ్యుమానిటీస్ రెండింటి సిలబస్‌లూ ఒకేలా కనిపిస్తున్నాయి. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఈ కోర్సు ఎందుకు కావాలో దరఖాస్తుతో పాటు రాసిచ్చే వ్యాసం) అంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మ్యూజియం స్టడీస్‌లో వస్తువుల సంరక్షణ, కేటలాగింగ్ పాలు ఎక్కువ. పబ్లిక్ హ్యుమానిటీస్ అంటే చరిత్ర, సంస్కృతులను మామూలు జనంతో కలిసి, వాళ్ల కోసం చదవడం; దాంట్లో మౌఖిక చరిత్ర (మనుషులు చెప్పే జ్ఞాపకాలను రికార్డు చేయడం), స్మారకాలు కూడా వస్తాయి. పేరు చూసి తేల్చుకోకండి. ఫీల్డ్‌వర్క్ ఎవరితో చేయిస్తారో, రికార్డు చేసిన గొంతులు చివరికి ఎవరి దగ్గర ఉంటాయో డిపార్ట్‌మెంట్‌కు మెయిల్ పెట్టి అడగండి. ఇంటర్న్‌షిప్‌కు స్టైపెండ్ ఉందా అన్నది కూడా. జీతం లేకుండా నెలలు గడపగలిగేవాళ్లకే చోటున్న కోర్సు న్యాయం గురించి ఎంత చెప్పినా నాకు నమ్మకం కుదరదు.

వస్తువు ఎక్కడి నుంచి, ఎలా వచ్చిందో వెతికే పేపర్ ఉంటే తప్పక తీసుకోండి. అమెరికాలో ఆదివాసుల అస్థికలు, పవిత్ర వస్తువులు తిరిగివ్వడానికి 1990లోనే చట్టం వచ్చింది. 2024 జనవరి నుంచి వాటిని ప్రదర్శించాలన్నా ముందు ఆ తెగల సమ్మతి తీసుకోవాలి. ఆ పని చేయడానికి మనుషులు కావాలి.

ఇంకొకరి జవాబు: స్టేట్‌మెంట్‌లో ఆశయాలు కాదు, ఒక వస్తువు గురించి రాయండి. 1992లో బాల్టిమోర్‌లో ఫ్రెడ్ విల్సన్ అనే కళాకారుడు మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీ సేకరణలోంచే నగిషీ వెండి పాత్రలు, బానిసల ఇనుప సంకెళ్లు తీసి ఒకే అద్దాల పెట్టెలో పక్కపక్కన పెట్టారు. లేబుల్ మీద 'లోహపు పని, 1793–1880' అని మాత్రమే. అంతకుమించి చెప్పాల్సిన అవసరం రాలేదు.

నేనైతే ఒక మగ్గం లేబుల్ తీసుకున్నాను. కర్ర రకం ఉంది, కొలతలున్నాయి, దాత పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. నేసిన మనిషి ఊసే లేదు. చేయి ఆనించి ఆనించి ఒక పక్క కర్ర నున్నగా అరిగిపోయింది. నా కొత్త లేబుల్ ఆ అరుగుదలతోనే మొదలుపెట్టాను. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు దాని గురించే అడిగారు.

ప్రశ్న అడిగినవారు: నేసినవాళ్ల పేరు దొరక్కపోతే ఏం రాయాలండీ?

జవాబు: 'పేరు నమోదు చేయలేదు' అని రాయండి. 'అజ్ఞాత కళాకారులు' అనకండి. వాళ్లకు పేరుంది, రాసుకోనిది మ్యూజియమే.