సమస్య: పరుగు పెట్టువాఁడు పాదుకొనియె

నిర్వాహకుడు: ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. పరిగెత్తేవాడు పాతుకుపోవడమేమిటి? జపాన్‌లోని ఒసాకా మీద పూరించండి. క్యోటోవాళ్ళు బట్టలకు, ఒసాకావాళ్ళు తిండికి ఆస్తులు కరగబెడతారని అక్కడి సామెత.

తెనాలి సభ్యుడు:

కాల్వగట్టు మీద కాంతిపలకనుండి
చేతులెత్తి నవ్వు చిందు నితఁడు
తొంబదేండ్లనుండి తుదిగీఁత దాటఁడే
పరుగు పెట్టువాఁడు పాదుకొనియె

(దోతొంబొరి కాల్వ దగ్గరి గ్లికో మిఠాయి కంపెనీ బోర్డు మీద చేతులెత్తి పరిగెత్తే ఆటగాడి బొమ్మ.)

నిర్వాహకుడు: మూడో పాదానికి గట్టిగా నవ్వాను. అయితే 'నుండి' చెల్లదు. 1935లో పెట్టిన బోర్డును యుద్ధంలో ఇనుము కోసం 1943లో దించేశారు. 1955 దాకా మళ్ళీ లేదు. ఇప్పుడున్నది 2014 నాటి ఆరోది. 'తొంబదేండ్లకైనఁ దుదిగీఁత దాటఁడే' అంటే సరి.

తెనాలి సభ్యుడు: పన్నెండేళ్ళు సెలవు పెట్టినా ఉద్యోగం పోలేదన్నమాట! సవరిస్తాను మాస్టారూ.

కడప సభ్యురాలు:

కోటఁ జూడఁబోయి గుంతపొంగణముల
వాసనలకు ముక్కు వశముఁ దప్ప
పెనము చుట్టు మూఁగు పెద్దవరుసఁ జేరి
పరుగు పెట్టువాఁడు పాదుకొనియె

నిర్వాహకుడు: ఒకే వాక్యం, ఎక్కడా తెగలేదు. ఒసాకా చిరుతిండి తకోయాకి పెనం అచ్చం మన పొంగణాల పెనమే. కానీ లోపలి ఆక్టోపస్ ముక్క సంగతి దాచారు. శాకాహారి ఎవరైనా నమ్మి తింటే పాపం మీదేనమ్మా.

కడప సభ్యురాలు: పైన ఎండుచేప తురుము ఊగుతుంటే కనబడదా అండీ! నా టెన్షనంతా వేడి గురించి. దించింది దించినట్టు నోట్లో వేసుకుంటే నాలుక కాలి పద్యం చదవలేం.

టోక్యో సభ్యుడు:

బొమ్మ కాళ్ళు పట్టి పదియేండ్లు పనిచేసి
నల్లముసుగులోన నడుము వంచి
చేయి తలయు నింకఁ జేతికి రాకుండ
పరుగు పెట్టువాఁడు పాదుకొనియె

నిర్వాహకుడు: యతి తప్పింది. 'బొ'కు 'ప' హల్లు కుదిరినా అచ్చు కుదరదు. 'పదియేండ్లు పనిచేసి' బదులు 'పూర్తి పదేండ్లుండి' అనండి. భావం మాత్రం ఈ మూడింటిలో దీనిదే మేలు. ఇందులోది బున్‌రాకు అనే జపాన్ బొమ్మలాట, తోలుబొమ్మలాట కాదు. నిండైన బొమ్మను ముగ్గురు పట్టి ఆడిస్తారు. తల, కుడిచెయ్యి పెద్దాయనవి, ఎడమచెయ్యి ఇంకొకరిది, కాళ్ళు కుర్రాడివి. కాళ్ళకు పదేళ్ళు, ఎడమచేతికి పదేళ్ళు అని అక్కడివాళ్ళ లెక్క.

తెనాలి సభ్యుడు: కానీ పరుగు పెట్టేది బొమ్మ కదా? వీడు పెట్టించేవాడు.

టోక్యో సభ్యుడు: బొమ్మ పరిగెత్తితే వీడూ వంగి వెంట పరిగెత్తాలి గురువుగారూ. 1984లో కట్టిన జాతీయ బున్‌రాకు థియేటర్‌లో చూశాను. బొమ్మ కంటే వీడి మీదే నా కళ్ళు.

నిర్వాహకుడు: ఒప్పుకుంటున్నాను. 'పాదుకొనియె'లో పాదం ఉందని సమస్య ఇచ్చిన నాకే తట్టలేదు.