కర్ల్‌తో పంపిన పోస్ట్ అభ్యర్థన మళ్లింపు తర్వాత గెట్‌గా మారుతోంది: ఏది సరైన మార్గం?

నమస్కారం. విజయనగరంలో ఉంటూ, పలాస జీడిపప్పు వ్యాపారి ఒకరి కోసం రోజువారీ ధరలను మరొక సంస్థ సర్వర్‌కు పంపే షెల్ స్క్రిప్టు రాస్తున్నాను. ధరలను జేసన్ (డేటాను రాసే ఒక పాఠ్య పద్ధతి) రూపంలో, కర్ల్ (కమాండ్ లైన్ నుంచి వెబ్ అభ్యర్థనలు పంపే సాధనం) చిన్న డీ ఆప్షన్‌తో పంపుతున్నాను. అది ఉంటే పోస్ట్ (సర్వర్‌కు డేటా పంపే పద్ధతి) అని విడిగా చెప్పనక్కరలేదు. అయితే ఆ సర్వర్ హెచ్‌టీటీపీ చిరునామాకు వచ్చినదాన్ని 301 (శాశ్వత మళ్లింపు) జవాబుతో, గుప్తీకరణ ఉండే హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లిస్తోంది. మళ్లింపును అనుసరించే పెద్ద ఎల్ ఆప్షన్ చేర్చితే రెండో అభ్యర్థన గెట్‌గా (డేటా అడిగే పద్ధతి) మారి, 405 (ఈ పద్ధతికి అనుమతి లేదు) వస్తోంది. వివరాలన్నీ చూపే చిన్న వీ ఆప్షన్‌తో చూస్తే ఈ మార్పు స్పష్టంగా కనబడుతోంది. పెద్ద ఎక్స్ ఆప్షన్‌తో పోస్ట్ అని బలవంతం చేస్తే పద్ధతి నిలుస్తోంది గాని, డేటా ఖాళీగా చేరుతోంది.

307, 308 మళ్లింపు జవాబులకు పద్ధతి మారదని తెలుసు, కానీ ఆ సర్వర్ నా చేతిలో లేదు. 301 తర్వాతా పోస్ట్‌నే నిలిపే పోస్ట్301 ఆప్షన్ వాడటమా, నేరుగా హెచ్‌టీటీపీఎస్ చిరునామా రాసి ఎల్ తీసివేయడమా? పోస్ట్301 వాడితే, మళ్లింపుకు ముందు హెచ్‌టీటీపీకి వెళ్లే అభ్యర్థనలో ధరలతో పాటు పంపే రహస్య కీ గుప్తీకరణ లేకుండా వెళ్తుంది కనుక రెండోదే మేలని నా అభిప్రాయం. అప్పుడు, రేపు వారు చిరునామా మారిస్తే, చిన్న ఎఫ్ ఆప్షన్ 400, ఆపై కోడ్‌లనే వైఫల్యంగా లెక్కిస్తుంది కాబట్టి, 301 వచ్చినా స్క్రిప్టు విజయవంతమైనట్టే ముగుస్తుంది. చిన్న డబ్ల్యూ ఆప్షన్‌తో స్టేటస్ కోడ్ (301 వంటి జవాబు సంఖ్య) తీసుకుని సరిచూడటం కంటే నమ్మదగిన పద్ధతి ఉంటే, అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.